సాక్సులో చుట్టిన కత్తి మీ డ్రాయర్లో ఎందుకుంది?

ఈ వారం ఉత్తరం ఒక కుర్ర లెక్కల మాస్టారిది. పేరు, ఊరు వద్దన్నారు. చాలా పెద్ద ఉత్తరం, అందుకే ముఖ్యమైన ముక్కలు మాత్రం ఆయన మాటల్లోనే ఇస్తున్నాను.

"టీచర్ గారూ, నమస్తే. నాకు 27 ఏళ్లు. జీతం బాగా వచ్చే ఉద్యోగం మానేసి, కావాలని అడిగి మరీ ఈ బడికి వచ్చాను. ఇది రెండో ఏడు. ఇక్కడికి రావడానికి ఎవరూ ఇష్టపడరు. తొమ్మిది, పది తరగతులకు లెక్కలు చెబుతాను. బడి మొత్తం రెండు గ్యాంగులుగా చీలిపోయింది, రెండింటికీ బయట పెద్ద కుర్రాళ్ల అండ ఉంది. లోపల గుర్రుగా చూసుకున్నదానికి సాయంత్రం గేటు బయట కొట్టుకుంటారు. ప్రేమగా ఉంటే వాళ్లే మారతారనుకున్నాను. సెలవు రోజుల్లో కూడా క్లాసులు పెట్టాను, నా ఫోన్ నంబరు అందరికీ ఇచ్చాను, రెండు గ్యాంగుల లీడర్లనీ ఒకచోట కూర్చోబెట్టి రాజీ చెయ్యాలని చూశాను. ఆ మర్నాడే పెద్ద గొడవ అయింది. స్టాఫ్ రూములో నన్ను చూసి నవ్వుకుంటున్నారు.

పదహారు రోజుల క్రితం తొమ్మిదో తరగతి కుర్రాడొకడిని పీరియడ్ అయ్యాక ఆపి హోంవర్క్ చూపించమన్నాను. తనే సంచి జిప్ తీశాడు. పుస్తకాల పైనే పాత సాక్సులో చుట్టిన కూరగాయల కత్తి ఉంది. ఏడ్చేశాడు. ఎవరికీ చెప్పొద్దు సార్, చెబితే నా పని అయిపోతుంది అన్నాడు. చెప్పనని మాటిచ్చి, కత్తి తీసుకుని నా డ్రాయర్లో పెట్టి తాళం వేశాను. పోయిన సోమవారం పదో తరగతి పిల్లాడి తల పగిలింది. మర్నాడు నా క్లాసు బోర్డు మీద 'సార్, నీ దారి నువ్వు చూసుకో' అని రాసి ఉంది. హెడ్మాస్టర్ గారు నలుగురికి టీసీ ఇచ్చి పంపేసి, మిగతావాళ్లని ఒకసారి జైలుకి తీసుకెళ్లి చూపిద్దాం, బుద్ధొస్తుంది అంటున్నారు. ఇంట్లోనేమో ఉద్యోగం మానెయ్యమని గొడవ. ఆ కుర్రాడికిచ్చిన మాట తప్పాలా? ఉండాలా, మానెయ్యాలా? నావల్ల నిజంగా ఏమైనా అవుతుందా?"

నాయనా, ముందు కత్తి సంగతి తేలుద్దాం.

రేపు పొద్దున మొదటి బెల్ కొట్టేలోపు అది మీ డ్రాయర్లోంచి హెడ్మాస్టర్ గారి దగ్గరికి వెళ్లిపోవాలి. ఇంకోసారి ఆలోచిస్తాను, ఇంకో రెండు రోజులు చూస్తాను అనొద్దు. మీరు చేసింది తప్పు. మంచి మనసుతోనే చేశారు, ఉత్తరం చదువుతుంటేనే తెలుస్తోంది, కానీ ఈ పదహారు రోజుల్లో జరిగిందేమిటో చూడండి: ఒక పిల్లాడు ఇంట్లోంచి కత్తి పట్టుకుని బడికి వచ్చేంత భయంలో ఉన్నాడని ఒకే ఒక్క పెద్దమనిషికి తెలుసు, ఆ పెద్దమనిషి డ్రాయర్‌కి తాళం వేసి ఊరుకున్నాడు. వాడి దగ్గర్నుంచి కత్తి పోయింది గానీ భయం పోలేదు కదా. కత్తులకేముంది, వంటింట్లో ఇంకోటి ఉంటుంది.

అసలు మీరు రాసిన ముక్కే మీరు సరిగ్గా చదువుకోలేదు. "తనే సంచి జిప్ తీశాడు" అని రాశారు. కత్తి దాచుకోవాలనుకునేవాడు సార్ ఎదురుగా నిలబడి జిప్ తీస్తాడా? హోంవర్క్ తేలేదు సార్ అంటే సరిపోయేది, లెక్కల మాస్టారికి ఆ మాట కొత్తేమీ కాదు. పుస్తకాల అడుగున కూడా పెట్టలేదు, పైనే పెట్టాడు. వాడు మీకు చెప్పాడయ్యా. నోటితో చెప్పలేక జిప్ తీసి చెప్పాడు. చెప్పొద్దు అన్నది కూడా నిజమే, ఎవరైనా ఏదో ఒకటి చెయ్యాలని కోరుకున్నదీ నిజమే, ఆ వయసులో రెండూ ఒకేసారి ఉంటాయి.

ఇది నాకెలా తెలుసంటే, నేనూ ఒకసారి ఇలాగే మాటిచ్చాను. ఉద్యోగంలో చేరిన నాలుగో ఏడు. శనివారం సాయంత్రం నాకోసం కాస్తారు టీచర్, మా అమ్మకి చెప్పొద్దు, మీలోనే ఉంచుకోండి అన్నాడొక కుర్రాడు. ఉంచుకున్నాను. నన్ను నమ్మి చెప్పాడని లోలోపల కాస్త గర్వంగా కూడా అనిపించింది, ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గేస్తుంది. శనివారం వాళ్లు కాశారు. పదకొండు కుట్లు పడ్డాయి. ఆసుపత్రిలో నన్ను చూసి వాడన్నది ఒకటే, "మీరు చెప్పేస్తారనుకున్నాను టీచర్." ఇంకేమీ అనలేదు. ఆ తర్వాత నేను ఉద్యోగం చేసిన ఇరవై ఏడేళ్లలో ఏ పిల్లకీ పిల్లాడికీ 'ఎవరికీ చెప్పను' అనే మాట ఇవ్వలేదు. "చెప్పకుండా ఉండగలిగినంత వరకు ఉంటాను, నీకో ఇంకొకరికో దెబ్బ తగిలే విషయమైతే చెబుతాను, నీకు చెప్పాకే చెబుతాను" అనేదాన్ని. ఆ మాట విని కూడా పిల్లలు చెప్పేవారు.

కాబట్టి రేపు పొద్దున ముందు ఆ పిల్లాడి దగ్గరికి వెళ్లండి. ఇంకో టీచరెవరైనా కనుచూపు మేరలో ఉండేలా చూసుకోండి, వాడు బెదిరి బయటికి పరుగెడితే ఒక్కరే వెంటపడలేరు. ఇలా చెప్పండి: "ఎవరికీ చెప్పనన్నాను, అలా అనకూడదు, తప్పు నాది. ఇప్పుడు హెడ్మాస్టర్ గారికి చెప్పబోతున్నాను. నీ వెనకాల చెప్పడం ఇష్టం లేక ముందు నీకు చెబుతున్నాను. నువ్వెవరికి భయపడి తెచ్చావో అదీ చెబుతాను, అది చెప్పకపోతే తప్పంతా నీ ఒక్కడి నెత్తినే పడుతుంది. నాతో వస్తావా, నేనొక్కడినే వెళ్లనా?" వాడు తిట్టొచ్చు, కొన్నాళ్లు మీ మొహం చూడకపోవచ్చు. భరించండి. తర్వాత జరిగిందంతా తేదీలతో కాగితం మీద రాసి, సంతకం పెట్టి హెడ్మాస్టర్ గారికిచ్చి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. పోలీసులకు చెప్పాలా, ఇంటివాళ్లని పిలిపిస్తే చాలా, చట్టం ఏమంటుంది అన్నవి బడి పెద్దలంతా కూర్చుని తేల్చాల్సినవి. ఇన్నాళ్లు దాచినందుకు మీకు మెమో రావచ్చు. వస్తే తీసుకోండి.

ఒక్కటి మాత్రం గట్టిగా అడగండి, వాడు ఇంటికెళ్లే దారి సంగతేమిటని. ఏ టైముకి వదులుతారు, ఎవరొచ్చి తీసుకెళ్తారు, ఏ వైపు గేటు. కత్తి తీసేసుకుని మళ్లీ అదే దారిలో ఒంటరిగా పంపిస్తే మనం చేసిన మేలేమీ లేదు.

ఇక టీసీల గురించి. తల పగలగొట్టిన వాడిమీద చర్య ఉండాల్సిందే, దెబ్బ తిన్న పిల్లాడి అమ్మానాన్నలు ఫిర్యాదు చేస్తామంటే బడి పరువు అంటూ ఆపకూడదు కూడా. కానీ నలుగురిని ఏరి బయటికి తోసేస్తే బడి బాగుపడుతుందన్నది చాలాచోట్ల చేసి చూసిన పనే. అమెరికాలో 1994లో ఒక చట్టం తెచ్చారు, బడికి తుపాకీ తెచ్చినవాడిని ఏడాదిపాటు బయటికి పంపాలని. అక్కడితో ఆగలేదు, చిన్నచిన్న గొడవలకీ అదే మందు వాడడం మొదలుపెట్టారు. అక్కడి మనస్తత్వవేత్తల సంఘం వాళ్లు దీనిమీద వచ్చిన పరిశోధనలన్నీ కూర్చుని చూసి 2008లో తేల్చిందేమిటంటే, ఇలా చెయ్యడంవల్ల బడులు భద్రంగా మారాయనడానికి ఆధారం దొరకలేదని. ఆశ్చర్యమేముంది, టీసీ పట్టుకున్న నలుగురూ ఎక్కడికి పోతారు? గేటు బయటికి. మీ గొడవలు జరిగేది గేటు బయటేనని మీరే రాశారు. ఇన్నాళ్లూ సాయంత్రం మాత్రమే అక్కడ ఉండేవాళ్లు ఇకమీదట పొద్దంతా ఉంటారు, అంతే తేడా.

జైలు చూపించడం ఇంకా దండగ. దండగ కూడా కాదు, చేటు. అమెరికాలోనే 1970ల నుంచి కుర్రాళ్లని జైళ్లకి తీసుకెళ్లి, లోపలున్న ఖైదీలతో అరిపించి భయపెట్టే కార్యక్రమాలు నడిపారు. వెళ్లిన పిల్లల్నీ వెళ్లని పిల్లల్నీ లాటరీ వేసినట్టు విడదీసి పోల్చిన అధ్యయనాలు తొమ్మిది ఉంటే, ఆంథొనీ పెట్రోసినో అనే ఆయన బృందం వాటన్నిటినీ కలిపి చూసింది. జైలు చూసొచ్చిన పిల్లలే తర్వాత ఎక్కువ నేరాలు చేశారు. ఏమీ చెయ్యకుండా ఊరుకున్నా అంతకన్నా నయంగా ఉండేది. ఇది హెడ్మాస్టర్ గారికి చెప్పండి, నలుగురిలో కాకుండా ఆయన గదిలో, మెల్లగా. ఆయనకీ టెన్షన్ ఉంటుంది, పైనుంచి ఏదో ఒకటి చెయ్యండి అని ఒత్తిడి ఉంటుంది. ఏదో ఒకటి చేశాం అని చూపించుకోవడానికి జైలు ట్రిప్పు బాగుంటుంది, దానికి బదులుగా ఆయన చేతిలో ఇంకేదైనా పెట్టాలి మీరు.

ఏం పెట్టాలో చెబుతాను. కానీ దానికి ముందు, "బడి మొత్తం రెండుగా చీలిపోయింది" అన్నారే, అది నేను నమ్మను.

కాగితం తీసుకుని పేర్లు రాయండి. ఎవరో చెప్పినవాళ్లని వదిలేసి, కొట్టడం మీ కళ్లతో చూసినవాళ్లవి మాత్రమే. ఎంతమంది వస్తారు? నా అంచనా పది దాటరు. వాళ్ల చుట్టూ తిరిగేవాళ్లు ఓ ఇరవై, పాతిక. మిగతావాళ్లంతా ఏదో ఒక పక్షాన లేకపోతే ఇద్దరూ కొడతారన్న భయంతో ఒకవైపు నిలబడినవాళ్లు. 1990ల్లో అమెరికాలోని బోస్టన్‌లో కుర్రాళ్ల హత్యలు విపరీతంగా పెరిగినప్పుడు డేవిడ్ కెన్నెడీ, ఆంథొనీ బ్రాగా అనే పరిశోధకులు పోలీసులతో, వీధుల్లో తిరిగి పనిచేసేవాళ్లతో కూర్చుని సరిగ్గా ఇదే లెక్క వేశారు. 61 గ్యాంగులు, సుమారు 1,300 మంది తేలారు. ఊళ్లో ఆ వయసువాళ్లలో నూటికి ఒక్కరు కూడా కాదు, కానీ కుర్రాళ్ల హత్యల్లో కనీసం 60 శాతం వాళ్ల చుట్టూనే జరిగాయి. వాళ్లు ఊరంతటినీ మార్చాలని కూర్చోలేదు, 1996లో ఆ కొద్దిమందినీ పిలిచి, హింస ఆపకపోతే ఏం జరుగుతుందో, ఆపితే ఏ సాయం దొరుకుతుందో ఎదురుగా చెప్పారు. కుర్రాళ్ల హత్యలు 63 శాతం తగ్గాయి. స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో 2008లో ఇదే పద్ధతి వాడారు, కోర్టు గదిలో కూర్చోబెట్టి. పోలీసు అధికారితో పాటు గాయాలు కుట్టే డాక్టరు, కొడుకుని పోగొట్టుకున్న తల్లి కూడా మాట్లాడారు, చివర్లో బయటపడాలనుకున్నవాడికి ఒక ఫోన్ నంబరు ఇచ్చారు.

ఇదంతా మీరు చెయ్యమని కాదు. మీరొక్కరే చెయ్యలేరనే చెబుతున్నాను. పోలీసు, డాక్టరు, తల్లి, ఉద్యోగమిప్పించేవాడు, ఇంతమంది కలిసి చేసిన పనిని మీరు లెక్కల పీరియడ్ అయ్యాక ఒక్కరే చెయ్యబోయారు.

లీడర్లిద్దరినీ కూర్చోబెట్టిన సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. అందులో మీకు తెలియకుండా జరిగిందేమిటంటే, మీరు వాళ్లకి కుర్చీలు వేశారు. బడిలో సార్ అంతటివాడు పిలిచి మాట్లాడాడంటే వాడు లీడరే అని అప్పటిదాకా నమ్మనివాళ్లు కూడా నమ్ముతారు. ఇక రాజీ పడితే సార్ చెబితే తగ్గాడు అంటారని ఆ మర్నాడు గొడవ చేసి తీరాలి వాళ్లు. 1960ల్లో లాస్ ఏంజలెస్‌లో గ్యాంగులతో కలిసి తిరుగుతూ, వాళ్లకి ఆటలూ విహారయాత్రలూ పెట్టి మార్చాలని ఒక పెద్ద ప్రయత్నం చేశారు. మాల్కం క్లైన్ అనే పరిశోధకుడు లెక్క తీస్తే గ్యాంగులు ఇంకా గట్టిపడి నేరాలు పెరిగాయని తేలింది. గుంపుని గుంపుగా దగ్గరికి తీస్తే గుంపే బలపడుతుంది. ఒక్కొక్కడిని విడివిడిగా చూడండి, లీడర్ కన్నా ముందు ఆ చుట్టూ తిరిగే పాతిక మందిని చూడండి. వాళ్లలో ఎక్కువమంది ఎంతోకాలం ఉండరు కూడా. అమెరికాలోనే రోచెస్టర్ అనే ఊళ్లో పిల్లల్ని ఏళ్ల తరబడి వెంట ఉండి గమనిస్తే, గ్యాంగులో చేరిన మగపిల్లల్లో సగం మంది ఏడాది తిరిగేసరికి బయటికి వచ్చేశారు. వాడు బయటికి వచ్చిన రోజున వాడి పేరు ఇంకా మీ హాజరు పట్టీలో ఉండాలి, టీసీ వద్దనడానికి అసలు కారణం అది.

ఇప్పుడు హెడ్మాస్టర్ గారి చేతిలో పెట్టాల్సింది. మ్యాపు.

1990ల్లో రాన్ ఆస్టర్ అనే పరిశోధకుడు, ఇంకో ఇద్దరు కలిసి అమెరికాలో ఐదు హైస్కూళ్లకి వెళ్లి ఒక చిన్న పని చేశారు. పిల్లలకీ టీచర్లకీ బడి మ్యాపు ఇచ్చి, గొడవలు ఎక్కడ జరుగుతాయో, ఏ టైముకి జరుగుతాయో గుర్తుపెట్టమన్నారు. మొత్తం 166 సంఘటనలు వచ్చాయి. అన్నీ, ఒక్కటి మినహాయించకుండా అన్నీ, పెద్దవాళ్లెవరూ లేనిచోట, లేని టైములో జరిగినవే. వరండాలు, తినే చోటు, బండ్లు పెట్టుకునే చోటు. టీచర్లని అడిగితే క్లాసు నాది, వరండా నాది కాదు అన్నారట. ఎవరిదీ కాని చోటు గ్యాంగుది అవుతుంది, అంతే కదా.

మీరు చెయ్యడానికి ఒక పీరియడ్ చాలు. బోర్డు మీద బడి ప్లాను గియ్యండి, పిల్లలతోనే కొలతలు వేయించండి, లెక్కల మాస్టారు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. తర్వాత తలా ఒక కాపీ ఇచ్చి, భయం వేసే చోట చుక్క పెట్టి పక్కన టైము రాయమనండి. పేర్లు వద్దు, రాసేవాళ్లవైనా సరే, ఎవరు కొట్టారో అసలే వద్దు. పేర్లు అడిగారా, కాగితాలన్నీ ఖాళీగా వస్తాయి. మడిచి డబ్బాలో వేయించుకోండి. నేను ఒకసారి చేసినప్పుడు నలభై రెండు కాగితాల్లో ఇరవై తొమ్మిదిలో మెట్ల కింద ఒకే చోట చుక్క ఉంది. మేమంతా రోజుకి పదిసార్లు ఆ మెట్లెక్కేవాళ్లం, కిందకి వంగి చూసినవాళ్లు ఒక్కరూ లేరు. చిన్న తరగతుల పిల్లలు మధ్యాహ్నం బాత్రూముకి వెళ్లకుండా ఇంటికెళ్లేదాకా ఉగ్గబట్టుకుంటున్నారని తెలిసింది కూడా ఆ కాగితాల వల్లే. మెట్ల కింద ఒక కుర్చీ వేసి, ఇంటర్వెల్‌లో ఒక టీచరు అక్కడ కూర్చుని పేపరు దిద్దుకునేలా వంతులు వేసుకున్నాం. ఖర్చు సున్నా. గొడవలన్నీ ఆగిపోలేదు, అబద్ధం చెప్పను, కానీ మెట్ల కింద ఆగాయి.

స్టాఫ్ రూములో నవ్వేవాళ్లకి కూడా ఇదే మందు. మీరు మార్పు, ప్రేమ అని మాట్లాడితే నవ్వుతారు, వాళ్లూ ఒకప్పుడు అలా మాట్లాడి అలిసిపోయినవాళ్లే. చుక్కలున్న కాగితం చూపించి ఇంటర్వెల్‌లో పది నిమిషాలు ఇక్కడ నిలబడతారా సార్ అంటే కాదనేవాళ్లు తక్కువ.

కొట్లాట జరుగుతుంటే ఏం చెయ్యాలని మీరు అడగలేదు కానీ చెబుతాను, మధ్యలోకి దూరేరకమని అర్థమైంది కాబట్టి. దూరకండి. గట్టిగా పేర్లు పెట్టి పిలవండి, ఒకరిద్దరిని పెద్దవాళ్ల కోసం పరుగెత్తించండి, ముందు చుట్టూ చేరినవాళ్లని చెదరగొట్టండి. సగం గొడవ చూసేవాళ్ల కోసమే జరుగుతుంది, జనం పలచబడితే ఇద్దరికీ తగ్గడానికి దారి దొరుకుతుంది. నేను కొత్తలో మధ్యలోకి వెళ్తే మోచెయ్యి తగిలి కళ్లద్దాలు పగిలాయి. అద్దాలు పోతే పోయాయి, టీచర్ని కొట్టాడన్న పేరు ఆ కుర్రాడికి పడింది, ఇద్దరు పిల్లల గొడవ కాస్తా పెద్ద కేసయింది. వాడికి ఆ ఏడాది చదువు పోయింది. నా ధైర్యం ఖరీదు వాడు కట్టాడన్నమాట.

మీ పీరియడ్లో చెయ్యదగ్గది ఇంకొకటి ఉంది. షికాగోలో మగపిల్లల కోసం నడిపే ఒక కార్యక్రమంలో మొదటి రోజు ఆట ఇది. ఇద్దరిద్దరిని జత చేసి, ఒకడికి బంతి ఇస్తారు, రెండోవాడికి ముప్పై సెకన్లలో దాన్ని తీసుకో అంటారు. అందరూ కలబడతారు, చేతులు విరుస్తారు. అయ్యాక అడుగుతారు, "ఒక్కడైనా బంతి ఇవ్వవా అని అడిగాడా?" అడిగితే చేతకానివాడనుకుంటాడు కదా అంటారు పిల్లలు. అప్పుడు బంతి ఉన్నవాడిని అడిగితే, అడిగుంటే ఇచ్చేవాడినే, ఉత్త బంతే కదా అంటాడు. షికాగో విశ్వవిద్యాలయం వాళ్లు పరీక్షించి చూస్తే, కార్యక్రమంలో ఉన్న ఏడాది ఆ పిల్లలు హింసాత్మక నేరాల్లో అరెస్టవడం 45 నుంచి 50 శాతం తగ్గింది. కార్యక్రమం అయిపోయాక మాత్రం అరెస్టుల్లో ఆ తేడా నిలబడలేదు. ఈ రెండో ముక్క మీకోసమే చెబుతున్నాను, ఒక్క ఆటతో, ఒక్క మాటతో పిల్లాడు మారిపోవడం సినిమాల్లోనే. ఒక మంగళవారం మారతాడు, గురువారానికి మళ్లీ మొదటికొస్తాడు, మీరు శుక్రవారం కూడా అక్కడే ఉండాలి.

బోర్డు మీద రాత సంగతి. ఫోటో తీశారా? తియ్యకపోతే గుర్తున్నట్టు రాసి కత్తి కాగితంతో పాటే ఇవ్వండి. అది బెదిరింపే కావచ్చు, మీమీద అభిమానమున్న పిల్లాడెవడో చేసిన హెచ్చరికా కావచ్చు, 'సార్' అని రాశాడు మరి. ఏదైనా సరే, కొన్నాళ్లు సాయంత్రం ఒక్కరే వెళ్లకండి, బయట కుర్రాళ్ల అడ్డాకి వెళ్లి మాట్లాడదామన్న ఆలోచన ఉంటే ఇప్పుడే తీసెయ్యండి. ఫోన్ నంబరు మార్చండి లేదా రాత్రి ఎనిమిది తర్వాత ఎత్తనని క్లాసులో చెప్పండి. రాత్రి వచ్చే ఫోన్‌కి పరుగెత్తుకెళ్లేవాళ్లు ఉండాలి, నిజమే, కానీ అది ఆ బతుకు చూసి బయటికొచ్చినవాళ్లకి, శిక్షణ ఉన్నవాళ్లకి తగిన పని. మీ ఊళ్లో అలాంటివాళ్లు ఎవరున్నారో వెతకండి. ఒక్కోసారి వాడి సొంత అన్నయ్యే అవుతాడు, ఒక్కోసారి ఆటలు నేర్పే కోచ్.

ఉండాలా, మానెయ్యాలా అన్నదానికి నా జవాబు మీకు నచ్చకపోవచ్చు. ఈ విద్యా సంవత్సరం అయ్యేదాకా ఉండండి, ఒక్క షరతు మీద. కాగితం ఇచ్చిన పది రోజుల్లోపు బడి ఏదో ఒకటి చెయ్యాలి: ఆ పిల్లాడి దారి, గేటు దగ్గర పెద్దవాళ్లు, మీకు తోడు. కాగితం పక్కన పడేసి సర్దుకుపొమ్మంటే, పై అధికారులకి ఇంకో కాగితం రాసి మానెయ్యండి, పిల్లల్ని వదిలేశానన్న బాధ నెత్తికెత్తుకోకండి. ఇంట్లోవాళ్లకి కూడా ఈ తేదీ చెప్పండి, రోజూ జరిగే గొడవ సగం తగ్గుతుంది. సెలవు రోజు క్లాసులు మానేసి నిద్రపోండి. మీరు అలిసిపోయి ఉన్నారు, ఉత్తరంలో ఒకే వాక్యం మూడుసార్లు రాశారు, నేనే రెండు కొట్టేశాను.

నావల్ల ఏమైనా అవుతుందా అన్నారు. భయపడ్డ పిల్లాడు ఆ బడిలో ఇంతమంది టీచర్లుండగా మీ ఎదుట జిప్ తీశాడు. రేపు వాడు మీతో మాట్లాడకపోయినా క్లాసు మొదలయ్యేటప్పుడు తలుపు దగ్గర నిలబడి వాడి పేరు పెట్టి పలకరించండి, ఎల్లుండి కూడా. తలుపు దగ్గర నిలబడితే ఎవడి పెదవి చిట్లిందో, ఎవడు జేబులోంచి చెయ్యి తియ్యట్లేదో కూడా తెలుస్తుంది. మ్యాపు గీయించాక, చుక్కలు ఎక్కడ ఎక్కువ పడ్డాయో నాకు రాయండి.